శుక్రవారం అంకెలు

రెండో పొర గీకడం అయ్యేసరికి ఆమె ముక్కు కొస తిమ్మిరెక్కింది. ఎక్కితే ఎక్కనీ, ముక్కుతో ఏం పని, పని చేసేది చేతులు కదా అనుకుంటూ కత్తి తిప్పి పట్టుకుంది. బల్ల మీద జానెడు పొడుగు మంచు దిమ్మె ఉంది. నాలుగు పక్కలా వేలి మందం చెక్కేస్తే గానీ లోపలిది పనికి రాదు. పైనున్న దానికి రంపం తగిలింది, పెట్టె తగిలింది, ఈ గది గాలి తగిలింది. అదంతా మైల. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ మైలను చెక్కి పారేయడమే ఆమె ఉద్యోగం.

చలిగదిలో మైనస్ ఇరవై నాలుగు. ఆమె ఒంటి మీద రెండు జతల మేజోళ్ళు, మోకాళ్ళకు ఉన్ని పట్టీలు, అన్నిటికీ పైన ఎవరో ఆరడుగుల మగమనిషి కొలతకు కుట్టించిన నీలం కోటు. మనిషి చూస్తే అయిదడుగులు కూడా లేదు. చేతులు రెండు మడతలు పెట్టుకుంటే గానీ వేళ్ళు బయటికి రావు. కత్తి వాదర తెలియడం లేదని ఎడమ చేతి తొడుగుకి రెండు వేళ్ళ కొసలు ఎప్పుడో కత్తిరించేసింది. ఆ రెండు వేళ్ళూ ఇప్పుడు తెల్లగా పాలిపోయి ఉంటాయి, వేడి గిన్నె ముట్టుకున్నా చురుక్కుమనవు. ఆఫీసులో అందరూ ఆమెను ఫ్రిజ్జక్క అంటారు. వెనక అనేవాళ్ళు వెనక, ముందు అనేవాళ్ళు ముందు. "ఏం, నీ పాలు విరిగాయా నాతో పనిబడింది?" అంటుంది ఆమె, ముందు అనేవాళ్ళని.

ఈ రోజు మాత్రం ఎవరైనా ఫ్రిజ్జక్కా అని పిలిస్తే చెంప పగలగొట్టేలా ఉంది. పొద్దున్నే సారు స్వయంగా చలిగదిలోకి వచ్చి, తలుపు పక్క పైఅర మీద కప్పిన పాత దుప్పటి లాగేసి, దాని కిందున్న పెట్టెను తన చేతులతో దింపుకున్నాడు. ఎన్ని పెట్టెలు లేవు ఇక్కడ! కిందవి ఉన్నాయి, వెనకవి ఉన్నాయి, రెండేళ్ళుగా ఆ పెట్టె వంతు వచ్చినప్పుడల్లా ఆమె ఏదో ఒక వంక చెప్పి వేరే పెట్టె కోసిస్తూనే వచ్చింది. సరిగ్గా ఆమె ఉద్యోగం విరమించడానికి పదకొండు రోజులుందనగా ఈయనకి అదే కావలసి వచ్చింది. "అవతలి సంస్థ వాళ్ళు రెండు వందల పన్నెండు మీటర్ల లోతుది అడిగారమ్మా" అన్నాడు. ఆ లోతు మంచు ప్రపంచం మొత్తానికి ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నట్టు. నిజానికి ఈ భవనంలో ఆ ఒక్క పెట్టెలోనే ఉంది.

ఆమె ఈ పనికి చదువుకుని రాలేదు. ఊడవడానికి వచ్చింది. పెళ్ళయిన ఎనిమిది నెలలకే పుట్టింటికి తిరిగొచ్చేసి, తల్లి పోయి, తనకన్నా అయిదేళ్ళు చిన్నవాడైన తమ్ముడు తన కొంగు పట్టుకుని ఉంటే, ఎక్కడ పని దొరికితే అక్కడ చేసింది. అప్పటి పెద్దసారు, ఇప్పుడు లేడు, ఒకనాడు ఆమె నేల మీద పడ్డ కొవ్వొత్తి మైనాన్ని గచ్చుకి గీత పడకుండా రేకుతో తీయడం చూశాడు. మర్నాడు చీపురు తీసుకుని కత్తి ఇచ్చాడు. కూర్చోబెట్టి చెప్పాడు కూడా. ధ్రువం దగ్గర కురిసిన మంచు కరగదమ్మా, ఏటికేడు ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. రేణువుల మధ్య గాలి కొన్నాళ్ళు అటూ ఇటూ తిరుగుతుంది. పైబరువు పెరిగేకొద్దీ దారులు మూసుకుపోయి, డెబ్బై ఎనభై మీటర్ల లోతుకి వెళ్ళేసరికి బుడగల్లో చిక్కుకుపోతుంది. ఇక దానికి బయటికి దారి లేదు. మన పెట్టెల్లోవి ఆ లోతుల్లోంచి తొలిచి తెచ్చిన దిమ్మెలు, వాటిలో ఉన్నది అప్పటి మనుషులు పీల్చి వదిలిన గాలి. అందులో మీథేన్ అనే వాయువు ఎంతుందో తెలిస్తే అప్పుడు చిత్తడి నేలలు ఎంత ఉండేవో, పశువులు ఎన్ని ఉండేవో, వరిమళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మనం చెప్పొచ్చు. నువ్వు చెక్కేటప్పుడు మన గాలి అందులోకి పోకుండా చూడు, అంతే నీ పని. ఆ అంతే అన్న పనిని ఆమె ఇన్నేళ్ళు చేసింది. మిగతావాళ్ళు డాక్టర్లయ్యారు, విమానాలెక్కారు. ఆమె పేరు పక్కన మాత్రం రెండో తరగతి సహాయకురాలు అనే ఉంది.

మూడో పొర గీకి దిమ్మెను లైటు బల్ల మీద పెట్టింది. చూడకముందే తెలుసు ఏం కనబడుతుందో. తెలిసీ చూసింది, కడుపు మండిపోయింది. దిమ్మెకి అడ్డంగా, దారం లాగినట్టు ఒక గీత. గీత వెంట చిన్న చిన్న బుడగలు పేలగుడ్లలా వరుస కట్టి ఉన్నాయి. పుట్టు బుడగలు అలా వరుసలో ఉండవు, విసిరిన గింజల్లా ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ఇది పగిలిన మంచు. పగులులోకి ఈ గది గాలి దూరాక, మంచు చెమర్చి, మళ్ళీ గడ్డకట్టి, అతుక్కుపోయిన మంచు. రెండేళ్ళ కిందట మూడు రోజుల సెలవుల్లో ఈ గదిని చల్లబరిచే కంప్రెసర్ ఆగిపోయింది. లోపలి అరలకు ఏమీ కాలేదు గానీ తలుపు పక్క పైఅర మాత్రం చెమర్చింది. ఆ కంప్రెసర్ చూసుకోవలసిన మెకానిక్కు ఎవరో కాదు, ఆమె తమ్ముడే. ఆ మూడు రోజులూ వాడు బావమరిది ఇంట్లో పేకాట ఆడుతూ కూర్చున్నాడు. చలిగది ఉష్ణోగ్రతల పుస్తకంలో ఆ మూడు రోజులకీ ఆమె చేతిరాతతో మైనస్ ఇరవై నాలుగు, ఇరవై నాలుగు, ఇరవై మూడు అని ఉంది. ఎవరి కోసం రాసింది? వాడి కోసం కాదూ!

దిమ్మె పట్టుకుని తలుపు తీసి, గది బయట నిలబడ్డ సారు ముందుకు వెళ్ళింది.

"సార్, ఇది బాగాలేదు. పగిలి అతుక్కుంది."

"పగుళ్ళు లేని మంచు ఎక్కడుంటుందమ్మా?" అన్నాడు సారు. నలభై ఏళ్ళుంటాయి, ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. ఆమెకు ఒళ్ళుమంట అదే. అరిచేవాడితో అరవొచ్చు. ఈయన తడిగుడ్డతో గొంతు కోసే రకం.

"కొత్త పగులు సార్. ఇక్కడికొచ్చాక అయింది."

"ఇక్కడికొచ్చాక ఎందుకవుతుంది? పుస్తకం చూశాను కదా, రాత్రి అంతా తిరగేశాను. ముప్ఫై ఏళ్ళలో ఒక్క రోజు తేడా లేదు. మీ పుస్తకాన్ని నేను నమ్మకపోతే ఎవరు నమ్ముతారు?" అని నవ్వాడు. ఆ నవ్వులో వెటకారమేమీ లేదు. ఉన్నా బాగుండేది. ఆమె వెనక్కి వెళ్ళి మూడు ముక్కలు కోసి ఇచ్చింది.

గాజు పాత్రల్లో ముక్కలు పెట్టి, మూతలకు మరలు బిగించారు. పంపు పెట్టి పాత్రలో ఉన్న గాలంతా లాగేశారు. నలభై నిమిషాలు. తర్వాత పాత్రను గోరువెచ్చని నీళ్ళలో దించారు. మంచు కరుగుతూ చిటచిటలాడింది, ఒక్కో బుడగా పగిలి లోపలి గాలి పైకొచ్చింది. మళ్ళీ నీళ్ళను గడ్డకట్టించి, పైనున్న గాలిని గొట్టం గుండా యంత్రంలోకి పంపారు. ఆమె గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. నూరు కోట్ల పాళ్ళ గాలిలో మీథేన్ ఆరు వందల తొంభై పాళ్ళ దగ్గర ఉండాలి ఆ కాలానికి. అటూ ఇటూ అయిదు. ఈ రోజు కిటికీ తీసి బయటి గాలి కొలిస్తే పందొమ్మిది వందలు దాటుతుంది. కొద్దిగా, చెంచాడు, ఈనాటి గాలి ఆనాటి గాలిలో కలిస్తే చాలు, అంకె పైకి లేస్తుంది.

మొదటి ముక్క ఏడు వందల నలభై ఒకటి. రెండోది ఏడు వందల యాభై ఎనిమిది. మూడోది ఏడు వందల ముప్ఫై ఆరు.

సారు కుర్చీలోంచి లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి పక్క గదుల వాళ్ళను పిలిచాడు. టీలు తెప్పించాడు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంత ఎత్తు ఎవరూ చూడలేదన్నాడు. ఏదో ఖండంలో చిత్తడి నేలలు ఒక్కసారిగా విస్తరించి ఉండాలన్నాడు. వేలితో గాల్లో గీత గీసి చూపించాడు, గీత కొండెక్కి దిగింది. సాయంత్రం అయిదింటికి అవతలి సంస్థకు అంకెలు పంపించేస్తానన్నాడు, వాళ్ళ పట్టికలో చేరితే నెలలో అచ్చయిపోతుందట. అచ్చులో పడ్డ అంకెను పీకడం ఎవరి తరం? దాని మీద ఇంకొకడు లెక్క కడతాడు, వాడి మీద ఇంకొకడు. లేని చిత్తడి నేలను పుట్టించారు, ఈపాటికి అందులో కప్పలు కూడా అరుస్తున్నాయి అనుకుంది ఆమె. చేతిలో టీ ముట్టుకోకుండా కిటికీలో పెట్టేసింది.

మధ్యాహ్నం భోజనానికి గంట కొట్టగానే విసవిసా మెట్లు దిగి భవనం వెనక్కి వెళ్ళింది. కంప్రెసర్ షెడ్డు రేకులది. లోపల అడుగు పెడితే అరికాళ్ళ నుంచి దవడల దాకా అదురు. ఆ హోరులో ఒక స్టూలు మీద డబ్బా విప్పుకుని తమ్ముడు అన్నం తింటున్నాడు. యాభై అయిదేళ్ళవాడు, బొజ్జ ముందుకొచ్చింది, జుట్టు వెనక్కి పోయింది, ఎడమ చెవి ఈ హోరుకి ఎప్పుడో పోయింది. ఆమె మాత్రం ఇంకా చిన్నోడా అనే పిలుస్తుంది. భార్య పోయి, కూతురు పెళ్ళయి వెళ్ళాక వాడు అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. పొద్దున ఆమె వండి పెట్టిన డబ్బాయే అది.

"తిను, తిను. బాగా తిను," అంది ఆమె కుడిచెవి వైపు నిలబడి. "కొంప అంటుకుంటే నీకేం పట్టింది."

"ఏమైందక్కా?"

"పైఅర పెట్టె తీశారు."

వాడి చెయ్యి డబ్బాలోనే ఆగింది. "ఎంతొచ్చింది?"

"ఏడు వందల యాభై."

వాడు మంచును ఎన్నడూ కోయలేదు, యంత్రాన్ని ముట్టుకోలేదు. ఇరవై రెండేళ్ళు రోజూ ఇంటిదారిలో ఆమె గొణుగుడు వింటూ బతికినవాడు కాబట్టి ఆ అంకె అంటే ఏమిటో తెలుసు. నోట్లో ముద్ద నెమ్మదిగా నమిలి మింగాడు.

"సారుకి చెప్పేద్దాం అక్కా."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. "చెప్పేద్దామా? ఎంత తేలిగ్గా వచ్చిందిరా నోటికి! నీకీ ఉద్యోగం ఇప్పించడానికి పెద్దసారు కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇరవై రెండేళ్ళు నీ తప్పులు కప్పుకుంటూ వచ్చాను. ముప్ఫై ఏళ్ళలో ఒక్క కొట్టివేత లేని పుస్తకంరా అది. అందులో నీ కోసం అబద్ధం రాశాను. నువ్వు పేకముక్కలు కలుపుకుంటూ కూర్చుంటే నీ కోసం రాశాను!"

వాడు డబ్బా మూత పెట్టాడు. గుడ్డతో చెయ్యి తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా. వాడికి కోపం రాదు, అదొక రోగం వాడికి.

"నా కోసం ఎప్పుడు రాశావక్కా?"

"ఏంట్రా?"

"మంగళవారం పొద్దున మనిద్దరం కలిసే తలుపు తీశాం కదా. అప్పటికే రాసున్నాయి. శుక్రవారం సాయంత్రం వెళ్ళేటప్పుడే రాసి పెట్టి వెళ్ళావు." వాడు ఆమె మొహం చూడకుండా మిషను వైపు చూస్తూ అన్నాడు. "నేను పేకాడాను, కాదనను. సెలవుల్లో రోజుకోసారి వచ్చి చూడాల్సింది నువ్వు కూడా కదా. నువ్వూ రాలేదు."

ఆమెకు ముందు తిట్టే వస్తుంది, అదే వచ్చింది. "నీకు ఈ ఉద్యోగం ఇప్పించడమే నేను చేసిన తప్పు. నీలాంటివాణ్ణి పెంచడం ఇంకా పెద్ద తప్పు. ఇంకెప్పుడూ నీ మొహం చూపించకు నాకు," అనేసి బయటికి వచ్చేసింది. ఇలాంటివి ఆమె ఏడాదికి నాలుగుసార్లు అంటుంది. వాడు నాలుగుసార్లూ సాయంత్రం ఏమీ జరగనట్టు గేటు దగ్గర నిలబడి ఉంటాడు, ఇద్దరూ కలిసి ఇంటికి నడుస్తారు.

చలిగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కోటు గుండీ పట్టక దాన్ని తిట్టింది, స్టూలు అడ్డమొస్తే దాన్ని తన్నింది. పుస్తకం తీసింది. ఉంది, ఆమె రాతే. మూడూ ఒకటే అంకె ఉంటే బాగుండదని మూడోది ఇరవై మూడు వేయడం కూడా ఆమె తెలివే. ఈ అలవాటు ఎప్పుడు మొదలైందో ఆమెకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పండగా పబ్బమా అని లేకుండా సెలవు రోజున కూడా గంట నడిచి వచ్చి ఉష్ణోగ్రత ముల్లు చూసి రాసేది. ముల్లు ఎప్పుడూ కదలలేదు. కొన్నాళ్ళకి సెలవులయ్యాక వచ్చి ఒక్కసారే రాయడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్ళకి, తర్వాత రాస్తే ఏం, ముందు రాస్తే ఏం, అంకె అదే కదా అని శుక్రవారమే రాసేయడం. అందరూ చేసేదే. పక్క గదిలో గాలి సిలిండర్ల పీడనం రాసేవాడూ అంతే, కింద బ్యాటరీలు చూసేవాడూ అంతే. తిలా పాపం తలా పిడికెడు. కానీ మంగళవారం పొద్దున తలుపు దగ్గర నేల చెమర్చి, లోపలి గోడకున్న ముల్లు మైనస్ మూడు మీద ఉంటే, తన కళ్ళతో చూసి, కొట్టేయకుండా పుస్తకం మూసింది మాత్రం ఆమె ఒక్కతే. తమ్ముడు ఆనాడు పక్కనే నిలబడి, "ఉన్నది రాసెయ్యక్కా, ఏమైతే అదే అవుతుంది" అనలేదూ? అన్నాడు. నోర్ముయ్ అంది తను. రెండేళ్ళుగా వాడి మీద కోపంతో వాడి కంచంలో అన్నం విసిరినట్టు వడ్డించింది. వాడు ఏనాడూ ఇదేమిటని అడగలేదు. అడిగి ఉంటే ఈ దరిద్రం అప్పుడే తెమిలిపోయేది కదా, వెధవ, అని పళ్ళు కొరుక్కుంది.

మిగిలిన దిమ్మె ముక్క తీసుకుని పైకి వెళ్ళి సారు గదిలో లైటు బల్ల మీద పెట్టింది. లైటు వేసింది.

"చూడండి సార్. ఆ వరుస చూడండి. ఇది ఈ గది గాలి. రెండేళ్ళ కిందట కంప్రెసర్ ఆగింది. మూడు రోజులు. నేను సెలవుకి ముందే అంకెలు రాసేసి వెళ్ళాను, వచ్చి చూసి కూడా కొట్టేయలేదు. పుస్తకం అబద్ధం."

సారు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. చదువుకున్నవాడు, చూస్తే తెలియనిది కాదు. ఆయన కళ్ళు ఆ గీత వెంట ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళడం ఆమె గమనించింది. తర్వాత ఆయన చెయ్యి చాపి లైటు ఆర్పేశాడు.

"మీకు ఇంక పదకొండు రోజులే కదమ్మా," అన్నాడు మెత్తగా. "ముప్ఫై ఏళ్ళు మచ్చ లేకుండా చేశారు. సభ పెట్టి సన్మానం చేయాలనుకుంటున్నాం. ప్రశాంతంగా వెళ్ళండి. ఇలాంటి పగుళ్ళు ఒకటీ అరా ఎప్పుడూ ఉంటాయి."

"మీరు చూశారు సార్."

"నేనేమీ చూడలేదు."

"చూశారు! లైటు ఎందుకు ఆర్పారు మరి?" ఆమె గొంతు వరండా దాకా వినబడింది. టీ తాగి పోయినవాళ్ళు తలుపుల్లోంచి తలలు పెట్టి చూశారు. "అచ్చులో పడాలని మీకు తొందర. పెద్దసారు ఉంటే ఈ పాటికి నా చెంప వాయించి, ఈ ముక్కలు చెత్తలో పారేసేవారు. మైల చెక్కమని కదా నన్ను పెట్టుకుంది? ఇదే మైల సార్. ఇంతకన్నా పెద్ద మైల ముప్ఫై ఏళ్ళలో నేను చూడలేదు." సారు తన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆయనతో మాట్లాడడం గోడకి తల కొట్టుకోవడమే. ఆమె దిమ్మె తీసుకుని చలిగదిలో పెట్టేసి, పుస్తకం చంకన పెట్టుకుని హెడ్ గుమాస్తా గదికి వెళ్ళింది.

పుస్తకంలో పేజీలన్నిటికీ ఆఫీసు ముద్ర ఉంటుంది. దేన్నయినా దిద్దితే హెడ్ గుమాస్తా పక్కన మళ్ళీ ముద్ర వేయాలి. ముద్ర పడిందంటే ఒక నకలు సారుకీ, ఒక నకలు ఆ పెట్టె అంకెలతో పాటు అవతలి సంస్థకీ పోతుంది, అది రూలు. ఆమె గుమాస్తా బల్ల మీదే ఎర్ర కలం తీసుకుని మూడు అంకెల మీదా గీత కొట్టింది. పక్కన రాసింది, 'చూడలేదు. ముందే రాశాను. నాలుగో రోజు పొద్దున మైనస్ మూడు. తలుపు పక్క పైఅర చెడింది.' సంతకం పెట్టింది.

గుమాస్తా చదివి తల గోక్కున్నాడు. "ఇదేంటి ఫ్రిజ్జక్కా, మీ అక్కాతమ్ముళ్ళకి ఈ రోజు ఏమైంది? గంట కింద ఆయనొచ్చి ఇంకోటి రాసిచ్చాడు."

"ఎవరు?"

ఆయన ఒక కాగితం చూపించాడు, చేతికి ఇవ్వలేదు. తమ్ముడి కోడిగీతల రాత. కంప్రెసర్ ఆగినప్పుడు నేను డ్యూటీలో లేను, పేకాటకు వెళ్ళాను. ఆ సంగతి మా అక్కకు తెలియదు. అంకెలు నేను బతిమాలితే నా మాట నమ్మి రాసింది, ఆమె తప్పేమీ లేదు. ఈ రోజుతో ఉద్యోగం మానుకుంటున్నాను. కింద సంతకం.

ఆమె ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. నా కోసం ఎప్పుడు రాశావక్కా అని మధ్యాహ్నం అడిగినవాడు. రెండేళ్ళుగా ఆమె తనకు తాను చెప్పుకుంటూ వచ్చిన అబద్ధాన్నే, తన మీదే ఇంకాస్త వేసుకుని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఇంకా అయిదేళ్ళ ఉద్యోగం ఉన్నవాడు. పదకొండు రోజులున్న ఆమె కోసం.

"చింపెయ్యి దాన్ని."

"ఎలా చింపుతాను? నంబరు వేసేశాను."

"అదంతా అబద్ధం. ఇదిగో నిజం, దీనికి ముద్ర వెయ్యి."

"రెండూ కలవట్లేదు కదక్కా."

"కలవకపోతే కలవకపోనీ! ఇది నా పుస్తకం, నేను రాసిందే నిజం. వెయ్యి ముద్ర!"

"ఆయన కూడా అదే అన్నాడు, నేను రాసిందే నిజమని," అని గొణుగుతూ గుమాస్తా ముద్ర వేశాడు. రెండూ ఒకే ఫైల్లో పెట్టాడు. నకళ్ళు తీశాడు.

నాలుగున్నర దాటాక సారు ఆమెను పిలిపించాడు. బల్ల మీద నకలు ఉంది. యంత్రం తెర మీద మూడు అంకెలు ఉన్న చోట ఏమీ లేదు.

"రెండు వందల పన్నెండు మీటర్ల దగ్గర ఖాళీ వదిలి పంపుతున్నానమ్మా. మీకు తృప్తిగా ఉందా?"

"లేదు సార్," అంది ఆమె. "ఎందుకుంటుంది?" ఆయన ఇంకేదో అనబోతుంటే తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

అయిదింటికి గేటు దగ్గర తమ్ముడు లేడు. కాపలావాడిని అడిగితే బస్సెక్కడం చూశానన్నాడు, భుజాన సంచి ఉందట, కూతురి ఊరికి వెళ్ళే బస్సట. ఏమైనా చెప్పాడా అంటే లేదన్నాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఈ రోడ్డు మీద తను ఒక్కతే నడవాలి. మొహం చూపించకు అన్నది తనే కదా, ఎన్నిసార్లు అన్నా వినని వెధవ ఈ రోజే వినాలా? రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా పైకే తిట్టింది. ఒక పది అడుగులు వేసి వెనక్కి తిరిగింది.

షెడ్డులోకి వెళ్ళింది. కంప్రెసర్ నడుస్తోంది. స్టూలు గోడకి జరిపి ఉంది, నేల తుడిచి ఉంది, కొత్తగా వచ్చేవాడి కోసం పనిముట్లన్నీ వరుసగా సర్ది ఉన్నాయి. ఆమె వాడి స్టూలు మీద కూర్చుని, ఎవరూ చూడరు కదా అని, నోటికి చేతులడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపులో కూడా వాడి మీద కోపమే. బతికినన్నాళ్ళూ ఆమె తిట్లు పడి, చివరికి ఒక్క దెబ్బతో అన్నీ తీర్చేసుకుని పోయాడు. ఇప్పుడు ఆమె ఎవరి మీద అరవాలి? రేపు ఫైలు తెరిచినవాడు ఎవరి కాగితం నమ్ముతాడు? మగవాడు, మెకానిక్కు, పేకాట అని ఉంది, వాడిదే నమ్ముతాడు.

కళ్ళు తుడుచుకుని లేచి, షెడ్డు లోపలి నుంచి చలిగదికి వెళ్ళే చిన్న ఇనుప తలుపు దగ్గరకు వచ్చింది. పిడికి రాగి తీగతో ఏదో కట్టి ఉంది. ఫ్యూజు పెట్టె మీది అట్ట చించిన ముక్క. నూనె మరకల బొటనవేలి అచ్చు పక్కన పెన్సిలుతో కోడిగీతల్లా రాసి ఉంది: 'నాలుగు గంటల పది. మైనస్ ఇరవై నాలుగు. చూసి రాసినది.' మిషను అదురుకి ఆ అట్టముక్క తలుపు రేకు మీద టక్కుటక్కుమని కొట్టుకుంటూ ఉంది.